చర్చలు వద్దనే పెద్దలకు

"కాలేజీకి పంపింది చదువుకోవడానికి, ఉపన్యాసాలు దంచడానికి కాదు." పత్తీ మిర్చీ పండే మన గుంటూరు, ప్రకాశం మైదానంలో ఈ మాట వినని విద్యార్థి ఉండడు. తండ్రి అంటాడు, ప్రిన్సిపాల్ అంటాడు, యాజమాన్యం అంటుంది, చివరికి పక్క బెంచీ వాడూ అంటాడు. వారానికో గంట కూర్చుని కౌలు గురించో, కట్నం గురించో, కులం గురించో, విత్తనాల ధర గురించో రెండు పక్షాలుగా వాదించుకుందామని ఎవరైనా ప్రతిపాదిస్తే చాలు, అభ్యంతరాలు వరసగా వచ్చిపడతాయి. ర్యాంకులు పోతాయి. కుల గొడవలు రేగుతాయి. పిల్లలకేం తెలుసు? టీవీలో, ఫోన్లో చర్చలు చాలవా? ఏటా వక్తృత్వ పోటీలు పెడుతూనే ఉన్నాం కదా? ఇవన్నీ అనేది చెడ్డవాళ్ళు కాదు. పిల్లల మంచి కోరే అంటున్నామని మనసారా నమ్మినవాళ్ళు. అందుకే నవ్వి ఊరుకుంటే లాభం లేదు. ఒక్కొక్క మాటా తీసి చూడాలి. చూస్తే ఒక్కటీ నిలవదని నా వాదన.

చర్చావేదిక అనేది పట్నం ఇంగ్లీషు బళ్ళ షోకు, మన నేలకు అలవాటు లేని పని అనుకునేవాళ్ళు ముందు గుంటూరు చరిత్ర ఒకసారి తిరగెయ్యాలి. 1911 ప్రాంతంలో ఈ ఊళ్ళో చదువుకున్న యువకులు కొందరు యంగ్ మెన్స్ లిటరరీ అసోసియేషన్ పేరుతో కూడేవారు. పేరుకు సాహిత్య సంఘం. మాట్లాడుకున్నది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగువాళ్ళు ఎందుకు వెనకబడ్డారు, సర్కారు కొలువుల్లో మనవాళ్ళు ఎందుకు తక్కువ అన్న సంగతి. ఆ మాటలు మాటలుగా గాలికి పోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, జొన్నవిత్తుల గురునాథం, చల్లా శేషగిరిరావు వంటివాళ్ళు తెలుగు ప్రాంతాలన్నిటినీ ఒక్కచోట చూపే పటం తయారుచేసి జనం ముందు పెట్టారు. 1912లో నిడదవోలు సభ, 1913 మే నెలలో బాపట్లలో బి.ఎన్. శర్మ అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ ఆ వరసలో వచ్చినవే.

బాపట్లలో ఏం జరిగిందో ఇంకా శ్రద్ధగా చూడాలి. ప్రత్యేక రాష్ట్రం సంగతి చర్చకు వచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. రాయలసీమ నుంచీ ఉత్తర కోస్తా జిల్లాల నుంచీ వచ్చినవాళ్ళకు సందేహాలున్నాయి. కేకలు వేసి తీర్మానం గట్టెక్కించుకోకుండా దాన్ని ఆపారు. కొండా వెంకటప్పయ్య ప్రభృతులు ఆ జిల్లాలు తిరిగి, కాదన్నవాళ్ళ గడపల్లోకే వెళ్ళి మాట్లాడారు. మరుసటి ఏడు, 1914లో, విజయవాడ మహాసభలో తీర్మానం నెగ్గింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంటే, కాదన్నవాడి మాట వినడం, విన్నాక అతన్ని ఒప్పించే ప్రయత్నం చెయ్యడం అనే పద్ధతి ఈ మైదానంలోనే, ఈ ఊళ్ళలోనే నడిచింది. దాన్ని బయటినుంచి తెచ్చుకోనక్కర్లేదు. మర్చిపోయినదాన్ని గుర్తు చేసుకుంటే చాలు.

ఆ సంఘంలో మాట్లాడిన ఉన్నవ లక్ష్మీనారాయణే తర్వాత పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. జైల్లో 'మాలపల్లి' రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతన్ పెట్టిందీ ఆయనే. "మాట్లాడేవాళ్ళు మాటలతోనే సరిపెడతారు, పని చెయ్యరు" అనేవాళ్ళకు ఈ ఒక్క జీవితం చాలు జవాబుగా.

యువకులు సామాజిక విషయాలు మాట్లాడితే ప్రభుత్వాలు ఉలిక్కిపడటమూ మనకు కొత్త కాదు. 1937 వేసవిలో ఒంగోలు పక్కన కొత్తపట్నం తీరంలో యువకులకు ఆర్థిక, రాజకీయ పాఠశాల పెడితే దాన్ని నిషేధించారు, లాఠీలు ఆడించారు. నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతు బిడ్డల కోసం రైతాంగ విద్యాలయం నడిపిందీ ఆ దశాబ్దంలోనే. ఇక్కడ ఒక తేడా మాత్రం చెప్పి తీరాలి. ఆ పాఠశాలలు ఒక ఉద్యమానివో ఒక సిద్ధాంతానివో. అక్కడ ఒక పక్షం పాఠంగా చెబుతారు. నేను అడిగేది అది కాదు. పార్టీ తరగతిలో ఒక్క పక్షమే వినిపిస్తుంది. నేటి కాలేజీలో ఏ పక్షమూ వినిపించదు. చర్చావేదికలో రెండు పక్షాలూ వినిపిస్తాయి. ఈ మూడింటినీ ఒకే గాట కట్టి "రాజకీయాలు" అని ముద్ర వేయడంతోనే అసలు పొరపాటు మొదలవుతోంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది ర్యాంకు. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే ఇంటర్ హాస్టళ్ళకు గుంటూరు పరిసరాలు పేరు పడ్డాయి. అక్కడ గంటకో వెల. నిజమే, ఆ గంటను తీసి చర్చకు ఇస్తే ఫిజిక్స్‌లో ఒక అధ్యాయం ఆలస్యం కావచ్చు. కానీ ఇదే పిల్లవాడు ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరానికి వచ్చేసరికి ఏమవుతోంది? కంపెనీలు వచ్చి నలుగురైదుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్ పెడతాయి. అప్పుడు యాజమాన్యాలు హైదరాబాద్ నుంచి శిక్షకులను పిలిపించి, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఎలా వినాలో, ఎలా కాదనాలో కొద్దిరోజుల్లో నేర్పించాలని చూస్తాయి. ఆరేడేళ్ళు నోరు కట్టేసి, ఆఖర్న డబ్బిచ్చి నోరు తెరిపించే ఈ లెక్క ఏ వ్యాపారంలోనూ లాభసాటి కాదు. అయినా నా వాదనను ఉద్యోగం మీద నిలబెట్టను. ఉద్యోగం కోసమే అయితే చర్చ కూడా ఇంకో కోచింగ్‌గా మారుతుంది, దానికీ ఒక మెటీరియల్ పుస్తకం అచ్చవుతుంది.

అసలు కారణం వేరే ఉంది. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చి, ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అంటే డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చు, ఎంపీని ఎన్నుకోవచ్చు, ఊరి సర్పంచిని ఎన్నుకోవచ్చు. కానీ ఆ ముగ్గురూ తేల్చాల్సిన విషయాల మీద తన తరగతి గదిలో నోరు విప్పకూడదు! విద్యార్థి సంఘాల ఎన్నికలు మన రాష్ట్రంలో దశాబ్దాలుగా లేవు. 2006లో లింగ్డో కమిటీ నియమాలతో సహా దారి చూపించినా మన కాలేజీలు ఆ దారిన పోలేదు. ఎన్నికలు వద్దన్నారు, సరే. చర్చ కూడా వద్దంటే, పద్దెనిమిదేళ్ళకు ఓటిచ్చిన రాజ్యాంగం తెలివితక్కువదనా అర్థం? ఓటు వేసే చేతికి ముందు ఆలోచించే అలవాటు ఇవ్వకపోతే, ఆ చేతికి ఎన్నికల ముందురోజు రాత్రి ఏం అందుతుందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం బరువైనది. "కులం మీద చర్చ పెడితే కాలేజీ తగలబడుతుంది." ఈ భయానికి మూలం ఉందని నేను ఒప్పుకుంటాను. కారంచేడు ఈ నేల మీదే ఉంది. 1985 జులై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువును మురికి చెయ్యొద్దన్న దగ్గర ముందురోజు మొదలైన గొడవ అది. చుండూరూ ఈ నేల మీదే ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగిలిందన్న రగడ అంతదాకా వెళ్ళింది. కానీ పెద్దలారా, ఈ రెండు ఊళ్ళలో నిప్పు ఏ చర్చావేదికలోంచి లేచింది? ఏ విద్యార్థి ఏ తీర్మానం మీద వాదించినందుకు చెరువు గట్టు మీద కర్రలు లేచాయి? కులం గురించి బాహాటంగా ఎవరూ మాట్లాడని చోట, మాట్లాడకపోవడమే మర్యాద అనుకునే చోట ఇవి జరిగాయి. మౌనం శాంతిని కాపాడిందనడానికి ఈ మైదానం దగ్గర సాక్ష్యం లేదు. దానికి ఎదురు సాక్ష్యం మాత్రం పద్నాలుగు శవాలంత ఉంది.

ఇప్పుడు కాలేజీలో కులం లేదా? పార్కింగ్‌లో బైకుల వెనక స్టిక్కర్లు చూడండి. ఫ్రెషర్స్ డే ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ పక్కన ఎవరి పేరు ఉందో చూడండి. హీరోల అభిమానుల పేరుతో జరిగే కొట్లాటల్లో కొట్టుకునేది హీరోల కోసమేనా? హాస్టల్ గదులు ఎలా నిండుతున్నాయో వార్డెన్‌ను అడగండి, నిజం చెబితే. కులం కాలేజీలో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంది. కానీ ఒకే గొంతులో, తన వాళ్ళ మధ్య, ఎదుటివాడు లేనప్పుడు మాట్లాడుతోంది. చర్చావేదిక దానికి చేసేది ఒక్కటే. ఎదుటివాణ్ణి గదిలో కూర్చోబెడుతుంది, అతనికీ అయిదు నిమిషాలు ఇస్తుంది. అంతకంటే తగలబెట్టేదేం లేదు అక్కడ.

ఇందులో ఒక చిన్న నియమం ఉంది, అదే దీని ప్రాణం. ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో ఎవరికి వారు ఎంచుకోకూడదు. చీటీ తియ్యాలి. రిజర్వేషన్ల మీద చర్చ అనుకోండి. వాటికి వ్యతిరేకి అయిన కుర్రాడికి అనుకూల పక్షం చీటీ వస్తే, అతను వారం రోజులు కూర్చుని అంబేద్కర్ ఏమన్నాడో, హాస్టల్లో తన పక్క గదివాడు ఈ చదువు దాకా ఎలా వచ్చాడో తెలుసుకోక తప్పదు. దళిత విద్యార్థికి ఎదుటి పక్షం వస్తే, అరెకరం చెక్క అమ్మి ఫీజు కట్టిన అగ్రకుల పేద తండ్రి కోపం ఎక్కడినుంచి వస్తోందో అతను నోటితో చెప్పాల్సి వస్తుంది. చెప్పినంత మాత్రాన ఇద్దరూ మారిపోరు. మారనక్కర్లేదు కూడా. ఎదుటివాడి మాటను తన నోటితో ఒక్కసారైనా నిజాయితీగా పలికినవాడు ఆ ఎదుటివాడి మీద కర్ర ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం కోసమే నేను కొట్లాడుతున్నాను.

"పాడు మాట వాదిస్తే పాడైపోతారు" అన్న భయం కూడా పాతదే. 1933 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో విద్యార్థులు తమ రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చెయ్యబోమన్న తీర్మానాన్ని 275–153 ఓట్లతో నెగ్గించారు. ఇంగ్లండ్ అంతా గగ్గోలు, చర్చిల్ మండిపడ్డాడు. ఆరేళ్ళకు యుద్ధం రానే వచ్చింది. ఆ తరం కుర్రాళ్ళే యూనిఫారం తొడుక్కుని వెళ్ళారు. చర్చలో వేసిన ఓటు జీవితాంతం మెడలో కట్టుకునే తాళిబొట్టు కాదు. ఆ సాయంత్రం విన్న వాదనల్లో ఏది గట్టిదో చెప్పే తీర్పు మాత్రమే.

మూడో అభ్యంతరం: పిల్లలకేం తెలుసు? దీనికి నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఈ మైదానం పిల్లలకు తెలిసినంత ఏ అర్థశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ లేదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి రాత్రిళ్ళు కాపలా పడుకున్న పిల్లలు వీళ్ళు. మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) దించాక తాలు కాయల పేరుతో ధర ఎలా కోస్తారో నాన్న ముఖంలో చూసినవాళ్ళు. పురుగుమందు కొట్టువాడే సలహాదారు, అతనే అప్పులవాడు కూడా అయినప్పుడు ఏ మందు ఎంత కొట్టాలో ఎవరు నిర్ణయిస్తారో వీళ్ళకు తెలుసు. తెలియనిది ఒకటే. ఇంట్లో చూసినదాన్ని లెక్కతో, చట్టంతో, ఎదుటి పక్షం వాదనతో కలిపి చూడటం. అది నేర్పేదే చదువు.

ఏం చర్చించాలో అడిగేవాళ్ళకు మన పొలాల్లోంచే విషయాలు ఏరి ఇస్తాను. మొదటిది కౌలు. ఈ జిల్లాల్లో పత్తీ మిర్చీ వేసే రైతుల్లో సొంత చెక్క లేనివాళ్ళు చాలామంది. 2011లో ఒక చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు ఉంటే పంట రుణం, నష్టపరిహారం, బీమా. కానీ కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. "యజమాని ఒప్పుకోలు లేకుండానే కౌలుదారుకు కార్డు ఇవ్వాలి" అని తీర్మానం పెట్టండి. ఒక పక్షం అంటుంది: పెట్టుబడి వాడిది, చెమట వాడిది, తుఫాను నష్టం వాడిది, పరిహారం మాత్రం హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాడి ఖాతాలోకా? రెండో పక్షం అంటుంది: సంతకం లేకుండా కార్డులిస్తే రేపు భూమి పోతుందన్న భయంతో యజమానులు కౌలుకే ఇవ్వరు, అప్పుడు కౌలుదారు ఎక్కడికి పోతాడు? రెండింటిలోనూ బలం ఉంది. ఆ తరగతిలో భూయజమాని కొడుకూ ఉంటాడు, కౌలుదారు కూతురూ ఉంటుంది. చీటీ తారుమారు అయితే అతను ఆమె తండ్రి పక్షాన, ఆమె అతని తండ్రి పక్షాన మాట్లాడతారు. దీన్ని మించిన పాఠం ఏ యూనివర్సిటీ ఇవ్వగలదు?

రెండోది విత్తనం. 1987–88లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు, కొట్టిన మందు పురుగును చంపలేక అప్పు మాత్రం పెంచినప్పుడు ఈ రెండు జిల్లాల రైతులు అదే మందు తాగి చచ్చిపోయారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటితే, 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్ దాకా వెళ్ళి పోరాడింది, ధర 750కి దిగింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచెయ్యకుండా కాయలోకి చొరబడింది. ఇప్పుడు కలుపు మందును తట్టుకుంటుందని చెప్పి బీజీ-3 పేరుతో అనుమతి లేని విత్తనం చాటుగా అమ్ముతున్నారు. "రైతు కోరుకునే విత్తనాన్ని ప్రభుత్వం అడ్డుకోకూడదు" అన్న తీర్మానం మీద గంటసేపు వాదించండి. కలుపు కూలి ఖర్చు భరించలేని రైతు ఒక పక్క, కలుపు తీతే బతుకైన కూలి మహిళ ఇంకో పక్క. జీవశాస్త్రం, చట్టం, వ్యాపారం, కూలి రేటు అన్నీ ఆ గంటలో వస్తాయి. ఏ సబ్జెక్టు పోయిందిక్కడ?

మూడోది మిర్చి బోర్డు. పొగాకుకు బోర్డు ఉంది. దాని ప్రధాన కార్యాలయం 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. ఎంత పండించాలో ముందే చెబుతుంది, వేలం కేంద్రాల్లో తన కళ్ళ ముందే అమ్మిస్తుంది. మిర్చికి ఆ అదుపు లేదు. ఒక ఏడు ధర బాగుంటే మరుసటి ఏడు ఊరంతా మిర్చే. 2021–22లో నల్ల తామర పురుగు తోటలను పీల్చేసింది. 2025 ఆరంభంలో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. "మిర్చికీ పొగాకులాంటి బోర్డు కావాలి" అనేవాడికి ఇదంతా ఆయుధం. "వద్దు" అనేవాడి దగ్గరా ఆయుధాలున్నాయి. లైసెన్సు, కోటా, కోటా దాటితే జరిమానా, కోటా కాగితం చేతులు మారడం, కౌలుదారుకు ఆ కాగితమే దొరకకపోవడం. ఒంగోలు పరిసరాల పొగాకు రైతు ఇంటి పిల్ల ఈ చర్చలో నిలబడితే, ఢిల్లీ నిపుణుడు కూడా రాసుకోవాల్సిన మాటలు చెబుతుంది.

నాలుగోది వలస. మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇక్కడికి దిగుతాయి. వాళ్ళతో వచ్చిన పిల్లలు బడి మానేసి చేను గట్టున తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చుంటారు. వాళ్ళ చదువు బాధ్యత పంపిన జిల్లాదా, పని చేయించుకునే జిల్లాదా? మన కాలేజీల్లో చదివే ఆడపిల్లలకు ఆ చేలు బస్సు కిటికీలోంచి రోజూ కనిపిస్తాయి. అడిగేవాళ్ళు లేకే చెప్పడం లేదు.

నాలుగో అభ్యంతరం టీవీ, ఫోను. టీవీలో రోజూ చర్చే కదా అంటారు. మన తర్కశాస్త్రం ఎప్పుడో ఈ పనిని మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికే చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ణి కూలగొట్టడానికే చేసేది వితండం. రాత్రి తొమ్మిదింటికి ఛానెల్లో జరిగేది మూడో రకం. ఒక్కోసారి నాలుగో రకం కూడా కనిపెట్టాల్సి వస్తుందేమో. ఇక ఫోనులో అసలు ఎదుటివాడే ఉండడు. కుల గ్రూపులో కులంవాళ్ళే, పార్టీ గ్రూపులో పార్టీవాళ్ళే. కాదన్నవాణ్ణి అడ్మిన్ క్షణంలో బయటికి నెట్టేస్తాడు. పిల్లలు అక్కడ రోజుకు గంటలు గడుపుతుంటే అడ్డు చెప్పలేకపోయిన పెద్దలు, వారానికొక్క గంట ముఖాముఖి చర్చకు అడ్డం పడటం ఏ న్యాయం? చెడు చర్చ ఎక్కువైందన్నది మంచి చర్చ పెట్టడానికి కారణం అవుతుంది గానీ మానెయ్యడానికి కాదు.

ఇక ఆఖరిది, అన్నిట్లోకీ తెలివైనది. "మేము వక్తృత్వ పోటీలు పెడుతూనే ఉన్నాం." పెడుతున్నారు, నిజమే. ఆగస్టు 15కు ఒకటి, గురుపూజోత్సవానికి ఒకటి. అంశాలు చూడండి: స్త్రీ విద్య ఆవశ్యకత, పర్యావరణ పరిరక్షణ, విద్యార్థులు–క్రమశిక్షణ. వీటిని కాదనేవాడు భూమ్మీద ఉన్నాడా? కాదనేవాడు లేని చోట ఆలోచించాల్సిన పని ఎవరికుంది? తెలుగు మాస్టారు రాసిచ్చిన నాలుగు పేజీలు బట్టీ పట్టి, గొంతు వణికించి, చివర జైహింద్ చెప్పినవాడికి కప్పు. ఎవరూ ప్రశ్న అడగరు, ఎవరూ జవాబు చెప్పరు. "ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇచ్చాక కట్నం అడగడం నేరమే కాదు, మోసం కూడా" అని తీర్మానం పెట్టి చూడండి. 1961 నుంచీ కట్నం నేరమే అయినా ఎకరాల్లో, కాసుల్లో లెక్క కట్టుకునే ఈ జిల్లాల్లో ఆ గది ఎలా వేడెక్కుతుందో! అప్పుడు చెప్పండి రెండూ ఒకటేనని. వక్తృత్వం వద్దని నేననను. కానీ దాన్ని చూపించి చర్చకు సెలవు ఇవ్వడం కుదరదు.

చర్చలకు ప్రమాదాలు లేవని కూడా నేననను. ఉన్నాయి. కుల సంఘం నాయకుడు వేదికను కొనేస్తాడు. పార్టీవాడు కండువాతో వస్తాడు. ఒక కుర్రాడి మాట వీడియో ముక్కగా ఊరంతా తిరుగుతుంది. మధ్యవర్తిగా కూర్చున్న లెక్చరర్ ఉద్యోగానికి ఎసరు వస్తుంది. వీటికి భయపడి మానుకోవడం కాదు, కట్టుబాట్లతో అడ్డుకట్ట వెయ్యాలి. తీర్మానం వారం ముందు నోటీసు బోర్డులో పెట్టాలి. పక్షం చీటీతో తేలాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, తర్వాత వింటున్నవాళ్ళ ప్రశ్నలు. చెప్పిన ప్రతి అంకెకూ ఆధారం అడిగే హక్కు అందరికీ ఉండాలి. మనిషిని, ఇంటిని, కులాన్ని ఎత్తి మాట్లాడితే ఆ మాట అక్కడే ఆపాలి. ఫోన్లు బయట పెట్టాలి. చర్చకు ముందొకసారి, తర్వాతొకసారి ఓటు తీసి, ఎంతమంది మనసు మార్చుకున్నారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. అధ్యక్షత విద్యార్థులే వంతులవారీగా వహించాలి, అందులో సగం ఆడపిల్లలు ఉండాలి. ముఖ్య అతిథి వద్దు, శాలువా వద్దు, మెమెంటో వద్దు. అతిథి వచ్చాడంటే అతని ఉపన్యాసానికి ముప్పావుగంట పోతుంది, మిగిలిన పావుగంటలో ఫొటోలు. తెలుగులో జరగాలి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే నోరుంటే పల్లె పిల్లలు మళ్ళీ వెనక బెంచీలకే పోతారు.

గుంటూరు–విజయవాడ దారిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. ఈ ప్రాంతపు డిగ్రీ కాలేజీలెన్నో దాని నీడలో పెరిగినవే. దానికి ఆచార్య నాగార్జునుడి పేరు పెట్టుకున్నాం. ఆయన గ్రంథాల్లో 'విగ్రహవ్యావర్తని' ఒకటి. అందులో 70 కారికలు. మొదటి 20 కారికలూ ఆయన ప్రత్యర్థుల అభ్యంతరాలే. తనను కాదన్నవాడి వాదనను ఎక్కడా తగ్గించకుండా పూర్తిగా చెప్పి, ఆ తర్వాతే తన జవాబు మొదలుపెట్టాడు. అలాంటి మనిషి పేరును ముఖద్వారం మీద రాసుకుని, లోపల పిల్లలు ప్రతివాదం వింటే చెడిపోతారని అనడం ఆయన పట్ల అపచారం.

ప్రిన్సిపాళ్ళకు, యాజమాన్యాలకు నేను కోరేది పెద్దదేం కాదు. వచ్చే విద్యా సంవత్సరం టైంటేబుల్ రాసేటప్పుడు వారంలో ఒక్క గంట చర్చకు కేటాయించండి. మొదటి తీర్మానం కౌలు కార్డు మీద పెట్టండి. చీటీలు తీయించి, మీరు వెనక బెంచీలో కూర్చుని వినండి. ఏడాది తర్వాత ర్యాంకులు తగ్గాయా, గొడవలు పెరిగాయా అన్నది మినిట్స్ పుస్తకం, మార్కుల రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూసి మీరే తేల్చండి. తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లలకు రేపు ఇచ్చే భూమికి పాస్‌బుక్కు ఎంత అవసరమో, ఆ భూమి మీద పనిచేసేవాడి మాట వినగలిగే చెవి కూడా అంతే అవసరం. పాస్‌బుక్కు రెవెన్యూ ఆఫీసు ఇస్తుంది. ఆ చెవిని కాలేజీ ఇవ్వాలి. ఇవ్వమని మీరే అడగాలి.